రోగం పుట్టే చోటు – పాల సంఘాలకు అందులో ఉన్న పాత్ర

తనిఖీకి వచ్చినప్పుడు మేము చూసేవి పుస్తకాలు. నగదు చిట్టా, సభ్యుల ఖాతాలు, దాణా బాకీలు, గేదెల అప్పుల వాయిదాలు. ఈ పుస్తకాలలో ఆరోగ్యమనే పద్దు ఎక్కడా లేదు. అయినప్పటికీ కాస్త ఓపికతో తిరగవేసేవారికి అది ప్రతి పేజీలోనూ కనబడుతూనే ఉంటుంది. పూటకు నాలుగు లీటర్లు పోసే సభ్యురాలు ఉన్నట్టుండి ఒక లీటరుకు దిగుతుంది. వాకబు చేస్తే గేదె వట్టిపోలేదు, భర్త ఆపరేషనుకు అమ్ముకున్నారు. ఇంకొకరు మూడు వాయిదాలు కట్టలేదు. పిల్లకు విడవని జ్వరం. కార్యదర్శులు ఇటువంటివాటికి ఎదురుగా ‘ఇంటి ఇబ్బందులు’ అని రెండు మాటలు రాసి ఊరుకుంటారు. ఇన్నేళ్ళలో మేము గమనించినంతవరకు, పాల బిల్లును దాణా తరువాత ఎక్కువగా మింగేది ఈ రెండు మాటలే.

అందువల్ల ఈ విషయం పాల సంఘానికి సంబంధించినదే. ‘మనది పాల వ్యాపారం, ఆస్పత్రి మనకెందుకు’ అనే అధ్యక్షులు చాలామంది ఉన్నారు. మేము ఆస్పత్రి పెట్టమని చెప్పడం లేదు. రోగం ఎక్కడ పుడుతున్నదో వెతకమంటున్నాము. ఆ వెతకడం మీకు చేతకానిది కాదు, పశువుల విషయంలో రోజూ చేస్తున్నదే.

పొదుగువాపు సంగతి తీసుకోండి. గేదెకు పొదుగువాపు వస్తే డాక్టరు గారు చన్నులోకి ట్యూబు ఎక్కిస్తారు, సూది వేస్తారు, తగ్గుతుంది. నెల తిరగకుండా మళ్ళీ వస్తుంది. అప్పుడు తెలిసిన రైతు ఇంకో ట్యూబు కొనడంతో సరిపెట్టడు. కొట్టంలో అడుగు చూస్తాడు. మూత్రం నిలిచి, పేడ తడి ఆరక, గేదె రాత్రంతా ఆ బురదలోనే పడుకుంటున్నది. పాలు పిండే మనిషి చేతులు కడుగుకోవడం లేదు. జబ్బుపడిన గేదెను ముందు పిండి, ఆ చేతులతోనే మంచి గేదె దగ్గరకు పోతున్నాడు. ట్యూబు ఒక్క గేదెకు పనిచేస్తుంది, గచ్చు వేయించి కాలువ తీస్తే కొట్టమంతటికీ పనిచేస్తుంది. పాలు విరిగిపోతున్నప్పుడూ అంతే. తెలివితక్కువవాడు సోడా కలుపుతాడు, పట్టుబడతాడు. తెలిసినవాడు క్యాను ఎవరు కడిగారు, ఏ నీటితో కడిగారు, బండి ఎంత ఆలస్యమయింది అని వెనక్కు పోతాడు.

మనుషుల జబ్బుల విషయంలో మాత్రం మనం ఆ వెనక్కు పోవడం మానేశాము. రెండేళ్ళ పిల్లవానికి విరేచనాలు. సెలైను పెట్టించారు, తగ్గింది. పదిహేను రోజులకు మళ్ళీ పట్టుకున్నది. ఎందుకు? నీళ్ళలో మురుగు కలుస్తున్నది. ఎందుకు కలుస్తున్నది? కుళాయి గొట్టం మురుగు కాలువలోనుంచి పోతున్నది, అతుకు పగిలింది. బాగుచేయరేమి? ఆ గొట్టం ఊరి చివరి వాడకు పోయేది. ఆ వాడ మాట పంచాయతీలో వినేవారు లేరు. వినిపించవలసిన మనుషులు తెల్లవారకముందే కూలికి పోతారు. ఇక్కడికి వచ్చేసరికి ఆ పిల్లవాని విరేచనాలకు కారణం క్రిమి ఒక్కటే కాదని తేలుతుంది. వైద్యశాస్త్రం తెలిసినవారు దీనినే రోగానికి సామాజిక కారణం అంటారు. నీరు, తిండి, కూలి, కులం, చదువు, అప్పు, ఆడపిల్లను చూసే తీరు – ఇవన్నీ దానికిందికే వస్తాయి. (అన్నట్టు, విరేచనాలు పట్టిన పిల్లవానికి ముందుగా కావలసినది సెలైను కాదు. కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి, మాటిమాటికి కొద్దికొద్దిగా పట్టించాలి. మందుల దుకాణంలో, ఆశా కార్యకర్త దగ్గర దొరికే ఓ.ఆర్.ఎస్. పొట్లం ఇంకా మంచిది. పిల్లవాడు తాగలేకపోతున్నా, మగతగా ఉన్నా ఆలస్యం చేయక ఆస్పత్రికి తీసుకుపోవాలి.)

జామ్‌ఖేడ్‌లో జరిగినది

ఈ వెనక్కుపోయే పద్ధతిని ఒక తాలూకా మొత్తంలో చేసి చూపినవారు డాక్టర్ రజనీకాంత్ అరోలే, డాక్టర్ మేబెల్ అరోలే దంపతులు. ఇద్దరూ వేలూరు క్రిస్టియన్ మెడికల్ కళాశాలలో చదివినవారు. మహారాష్ట్రలో అహ్మద్‌నగర్ జిల్లా – 2024లో అహిల్యానగర్ అని పేరు మార్చారు – వానలు సరిగా పడని కరువు జిల్లా. అక్కడ ఒక ఆస్పత్రిలో పనిచేస్తూ వారు గ్రహించినదేమంటే, తాము నయంచేసి పంపిన రోగులే అవే జబ్బులతో తిరిగి వస్తున్నారు, వాటిలో ఎక్కువ భాగం అసలు రాకుండా ఆపగలిగినవే. ఆ తరువాత అమెరికా వెళ్ళి ప్రజారోగ్యం చదువుకొని వచ్చి, 1970లో అదే జిల్లాలోని జామ్‌ఖేడ్‌లో పని మొదలుపెట్టారు. మన పాఠకులకు నచ్చే సంగతి ఒకటి ఉన్నది: వారికి మొదట దొరికిన చోటు వాడుకలో లేని పాత పశువైద్యశాల.

మొదట్లో ఊళ్ళకు నర్సులను పంపి చూశారు. చదువుకొని పట్నంనుంచి వచ్చిన పిల్లల మాట ఊరి ఆడవారు వినలేదు. అప్పుడు పద్ధతి మార్చి, ప్రతి ఊరివారూ తమలోనుంచే ఒక స్త్రీని ఎంపిక చేయాలన్నారు. ఎంపికైనవారిలో చదువురాని వారు, పేదలు, దళిత స్త్రీలు ఎందరో. వారిని వారంవారం జామ్‌ఖేడ్‌కు పిలిచి, పిల్లల బరువు తూచడం, గర్భిణిని పరీక్షించడం, శుభ్రంగా కాన్పు చేయడం, విరేచనాలకు ఉప్పు చక్కెర నీరు పట్టడం నేర్పారు. ఆ శిక్షణలో అన్ని కులాలవారూ ఒకచోట తిన్నారు, ఒకచోట పడుకున్నారు. ఇది పైకి చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, మా దృష్టిలో మందుల పెట్టె కంటే దీని విలువే ఎక్కువ. అంటరానివారని చేతి నీళ్ళు తాగని ఇంటికి ఆ స్త్రీయే వెళ్ళి బాలింతను చూడవలసి ఉన్నది మరి.

మగవారిని పోగుచేయడానికి వాలీబాల్ ఆట పెట్టారట. ఆటకు వచ్చినవారు కూర్చుని మాట్లాడుకున్నారు, రైతు సంఘాలు కట్టుకున్నారు. రైతులు అడిగినది ఆస్పత్రి కాదు. నీళ్ళు, తిండి, పని. డాక్టర్లు ఆ కోరికకే తల ఒగ్గారు. 1972–73 కరువులో పిల్లలకు వంటశాలలు నడిచాయి, అన్ని కులాల పిల్లలూ ఒకే పంక్తిన తిన్నారు. బోర్లు వేయవలసి వచ్చినప్పుడు చాలా ఊళ్ళలో వాటిని దళితవాడలో వేశారు. నీళ్ళు కావలసినవారు ఆ వాడకు నడిచి రావలసినదే. ఉపన్యాసాలతో కదలనిది ఆ చేతి పంపుతో కదిలింది.

ఫలితం అంకెలలో చూద్దాము. ఆ ఊళ్ళలో 1971లో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లలలో 176 మంది ఏడాది నిండకుండానే చనిపోయేవారు. 1993 నాటికి అది 19కి దిగినది. ఇందులో టీకాలది పెద్ద వాటాయే, మేము కాదనము. కాని టీకా వేయించుకోవడానికి తల్లి ఒప్పుకోవడం, పిల్లకు అమ్మవారు పూనిందని గదిలో పెట్టక బయటికి తీసుకురావడం – ఇవి సూదితో జరిగే పనులు కావు. అరోలే దంపతులకు 1979లో రామన్ మెగసెసె బహుమతి వచ్చింది. 1988లో జామ్‌ఖేడ్ ఆరోగ్య కార్యకర్త ముక్తాబాయి పోల్ వాషింగ్టన్‌లో జరిగిన సమావేశంలో మాట్లాడింది. పెద్ద పెద్ద దీపాల గుత్తుల కింద నిలబడి, తానొక చిన్న ప్రమిదనని, ఒక ప్రమిద నుంచి ఇంకొకటి వెలిగించుకోవచ్చని చెప్పిందట.

ఆనంద్‌వారి దారి

జామ్‌ఖేడ్‌ను చూసి ‘వారు డాక్టర్లు, మనం పాలవాళ్ళం’ అనవచ్చు. అందుకు జవాబు గుజరాత్‌లో ఉన్నది. 1946లో ఖేడా జిల్లా పాల సంఘం పుట్టినప్పటి నుంచి దాని అధ్యక్షులుగా ఉన్న త్రిభువన్‌దాస్ పటేల్ గారు పదవి వదిలినప్పుడు, సభ్యులు మనిషికొక రూపాయి చొప్పున వేసుకొని ఆయనకు నిధి సమర్పించారు. ఆ సొమ్ముతో ఆయన ఇల్లు కట్టుకోలేదు. 1975లో తన పేరిట ఏర్పడిన ధర్మసంస్థకు దానిని పెట్టారు. 1980 నుంచి ఆ సంస్థ ఊళ్ళలో తల్లీ పిల్లల ఆరోగ్యం పని చేసింది. అది ఊరిలోకి వెళ్ళిన వాకిలి పాల సంఘమే. రెండు పూటలా మనుషులు వచ్చే చోటు అది, లెక్క రాసే అలవాటు ఉన్న చోటు అది. ఊరి ఆరోగ్య కార్యకర్తను నిలబెట్టే భారం కూడా పాల సంఘమే పంచుకున్నది.

ఇందులో కనిపెట్టవలసినది ఒకటున్నది. ఊళ్ళో గుడి ఉంటుంది, బడి ఉంటుంది, పంచాయతీ ఉంటుంది. కాని అన్ని కులాలవారి పాలూ ఒకే క్యానులో కలిసే చోటు మన సంఘమొక్కటే. పాలు కలిసిన తరువాత ఏ చెంబు ఎవరిదో చెప్పగల యంత్రం ఇంతవరకు రాలేదు.

తిండి కూడా మందే

క్షయ సంగతి చెప్పక తప్పదు. క్షయకు మంచి మందులున్నాయి, ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్నది. అయినా జబ్బు ఒక ఇంటిలో ఒకరి తరువాత ఒకరికి ఎందుకు అంటుకుంటున్నది? జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 వరకు జరిగిన పెద్ద పరిశోధన ఒకటి దీనికి సమాధానం చెప్పింది. రోగులందరికీ మందులతోపాటు బియ్యం, పప్పు, పాలపొడి, నూనె ఇచ్చారు. కొన్ని ప్రాంతాలలో రోగి ఇంటివారికి కూడా నెలనెలా బియ్యం, పప్పు ఇచ్చారు, కొన్నింటిలో ఇవ్వలేదు. ఇంటివారు సుమారు పదివేల మందిని గమనించి చూడగా, తిండి అందిన ఇళ్ళలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గినది. ఊపిరితిత్తులకు సోకి ఇతరులకు అంటుకునే రకమైతే 48 శాతం తగ్గినది. 2023లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. రోగి బుట్టలో పాలపొడి ఉన్న సంగతి మీరు గమనించే ఉంటారు. క్షయ రోగికి ప్రభుత్వం పోషణ కింద 2018 నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తున్నది. ఖాతా సరిగా లేక ఆ సొమ్ము ఆగిపోయినవారు మీ సభ్యులలో ఉంటే, కార్యదర్శి ఒక పూట వెంట వెళితే అయ్యే పని అది.

మన ఇళ్ళలో పాలు ఉన్నా తిండి లేని మనిషి ఒకరుంటారు. ఆవిడ తెల్లవారుజామున నాలుగింటికి లేచి పేడ తీసి, గడ్డి వేసి, పాలు పిండి, కేంద్రానికి పంపి, వంట చేసి, కూలికి పోయి, వస్తూ గడ్డిమోపు తెచ్చి, మళ్ళీ పాలు పిండుతుంది. అందరూ తిన్న తరువాత మిగిలినది తింటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం అని తేలినది. నూటికి సగానికి పైగా. ఇనుము బిళ్ళలు వేసుకోవాలి, సందేహం లేదు. కాని ఆఖరున తినే అలవాటుకు బిళ్ళ లేదు. ఇంటిలో పిండిన పాలలో ఎన్ని ఇంటికి ఉంచాలో ఎవరు నిర్ణయిస్తున్నారో, పాల బిల్లు ఎవరి ఖాతాలో పడుతున్నదో చూసుకోండి. పనంతా ఆవిడది, సభ్యత్వం, ఖాతా, ఓటు మాత్రం ఆయనవి అయిన సంఘాలు ఎన్నో మేము చూశాము. పాలు పోసే మనిషి పేరు మీదనే సభ్యత్వం ఉండాలని మేము తనిఖీ పుస్తకంలో రాస్తూనే ఉన్నాము.

బిల్లు ఆవిడ చేతికి వచ్చినా దారిలో దుకాణం ఉంటే ఏమవుతుందో మనవారికి వేరే చెప్పనక్కరలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా వద్దని లేచినది ఎవరో డాక్టరు కాలేయం సంగతి చెప్పినందువల్ల కాదు. రాత్రి బడిలో కూర్చుని తమ సంపాదన ఎటు పోతున్నదో మాట్లాడుకున్నందువల్ల. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ సంపూర్ణ నిషేధాన్ని సడలించారు. చట్టం వచ్చిపోవచ్చు. ఊరి స్త్రీలు ఒకచోట కూర్చుంటే ఎంత జరుగుతుందో మాత్రం తెలిసివచ్చింది.

పశువుల నుంచి వచ్చే జబ్బులలో కూడా ఈ తేడా ఉన్నది. ఈసుడు రోగంతో గేదె ఈసుకుపోయినప్పుడు ఆ పిండాన్ని, మాయను వట్టి చేతులతో తీసి పారవేసేది యజమాని కాదు, జీతగాడో ఇంటి ఆడమనిషో. తరువాత నెలల తరబడి వచ్చిపోయే జ్వరం, కీళ్ళనొప్పులు వారికే. పెయ్యదూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో ఒక్కసారి టీకా వేయించడం, ఆ పనికి చేతి తొడుగులు కొనివ్వడం, మాయను సున్నం వేసి లోతుగా పూడ్చడం – ఇంతే కావలసినది. పాలు కాచి తాగాలని వేరే చెప్పాలా?

ఇక చేయగలిగినది

ఒక సంఘం సంగతి చెబుతాము, పేరు వద్దు. మిగులు బాగా వచ్చిన ఏడు, ఊరి మొదట సంఘం పేరుతో తోరణం కట్టాలని పాలకవర్గం అనుకున్నది. మహాసభలో చివరి వాడ సభ్యురాలు ఒకామె లేచి, ‘తోరణం కింద నుంచి మా పిల్లల్ని ఆస్పత్రికి మోసుకుపోవడానికా అయ్యా?’ అన్నది. కొంత గొడవ అయినది. పుస్తకం తెప్పించి చూస్తే, ఆ వాడలో పాలు పోయడం వానాకాలంలో ప్రతి ఏడూ పడిపోతున్నది. తోరణం ఆగింది. గొట్టం మార్చే పని పంచాయతీది గనుక సంఘం తీర్మానం రాసి అక్కడికి పంపింది, కందకం తవ్వే కూలి సంఘం పెట్టుకున్నది. మరుసటి వానాకాలంలో ఆ వాడ క్యాను నిండుగా వచ్చింది. రెండేళ్ళ తరువాత తోరణం కూడా కట్టుకున్నారు, బాగానే ఉన్నది.

సంఘం సొమ్ము విషయంలో ఒక హెచ్చరిక. పాల పనికి బయట ఒక్క రూపాయి ఖర్చు చేయాలన్నా బైలాలో వీలుండాలి, మహాసభ తీర్మానం ఉండాలి. మంచి పనే కదా అని అధ్యక్షులు ముందు ఖర్చు చేసి తరువాత ఆమోదం అడిగితే మేము అభ్యంతరం రాయక తప్పదు. నిజానికి మేము చెప్పే పనులలో చాలావాటికి సొమ్ము అక్కరలేదు. పేడకుప్ప బోరుకు, బావికి దూరంగా మార్చడానికి తీర్మానం చాలు. కొట్టం నీరు వీధిలోకి పోకుండా ఇంకుడు గుంత తవ్వడానికి ఒక పూట పని చాలు. ట్యాంకులో క్లోరిన్ కలుపుతున్నారా లేదా అని పంచాయతీ కార్యదర్శిని ప్రతి వారం అడగడానికి నోరు చాలు.

బోరు నీటిలో ఫ్లోరైడు ఉన్న నల్లగొండ, ప్రకాశం ప్రాంతాల సంఘాలకు ఇంకొక మాట. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించి 1937లో ప్రకటించినది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. వంగిన ఎముకలను తిరిగి నిలబెట్టే మందు నేటికీ లేదు. నీరు మార్చడమే దారి. లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకుండా ఉండాలి. వేరే దిక్కు లేనిచోట సైతం ఒకటిన్నర దాటకూడదు. సున్నపు పాలు తక్కువైన తిండి తినేవారికి ఈ జబ్బు మరీ ముదురుతుంది. ఇటువంటి ఊరిలో పిల్లలకు పాలు ఉంచకుండా చివరి చుక్కదాకా కేంద్రంలో పోయడం మహా నష్టపు బేరం.

ఇవన్నీ చేసినా డాక్టరు అక్కరలేదని కాదు. పాము కరిచినా, కాన్పు కష్టమైనా, గుండెనొప్పి వచ్చినా 108కి ఫోను చేయవలసినదే, పసరులకు కూర్చోరాదు.

మొదలు పెట్టడానికి ఒక పాత నోటు పుస్తకం చాలును. పాలు పోయడం ఆగిన సభ్యుని పేరు, వీధి, ఆగిన తేదీ, కారణం – నాలుగు గడులు గీయండి. ‘ఇంటి ఇబ్బందులు’ అని రాయకండి. ఏ జబ్బు, ఎవరికి, ఆ ఇంటికి నీళ్ళు ఎక్కడివి అన్నది రాయండి. పాలు పోసేటప్పుడు అడిగితే సభ్యులే చెబుతారు. జబ్బు పేరు పదిమందిలో చదవకండి. వీధి, లెక్క మాత్రం చెప్పండి. ఆరు నెలలు రాసిన తరువాత వీధుల వారీగా కూడి చూడండి. ఏ వీధి దగ్గర అంకె పెరిగిందో ఆ వీధి సభ్యులను, అందులోనూ ఆడవారిని, ముందుగా మాట్లాడనిచ్చేటట్టు వచ్చే మహాసభ విషయసూచికలో రెండవ అంశంగా పెట్టండి. జమాఖర్చుల ఆమోదం మొదటిది. అది మాత్రం మార్చకండి.